చిప్పు చచ్చిపోలేదు... క్లాక్ ఆగింది, అంతే!

ప్రాజెక్టు బోర్డు పని చేయకపోతే మనవాళ్ళ నోట వచ్చే మొదటి మాట “ఐసీ పోయింది”. వెంటనే కొత్త ఐసీ కొంటారు. అదీ పని చేయదు. మూడోది కొనడానికి డబ్బులుండవు. ఇక వైవా దగ్గరపడేసరికి, స్కాలర్‌షిప్‌లో మిగిల్చుకున్న డబ్బుతో ఎవరో చేసిన రెడీమేడ్ ప్రాజెక్టు కొని బల్ల మీద పెడతారు. ఎగ్జామినర్ “ఈ క్రిస్టల్ తీసేస్తే ఏమవుతుంది?” అని అడిగితే తలవంచుకుంటారు. డబ్బూ పోయింది, నేర్చుకోవలసిన విద్యా పోయింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కదలని బోర్డుల్లో చాలావాటిలో ఐసీ బాగానే ఉంటుంది. దానికి క్లాక్ అందడం లేదు, లేదా అందవలసిన వేగంలో అందడం లేదు. ఆ క్లాక్ పుట్టించే భాగమే ఆసిలేటర్. ఒక క్రిస్టల్, రెండు చిన్న కెపాసిటర్లు, అంతే. వాటిని పరీక్షించడానికి సీఆర్‌ఓ ఉంటే మంచిదే, కానీ హాస్టల్ రూములో సీఆర్‌ఓ ఉండదు కదా! చవక మల్టీమీటర్, ఒక ఎల్‌ఈడీ, కాస్త ఓపిక ఉంటే చాలు. డిప్లొమా, బీటెక్ చదివే మనవాళ్ళు ఎక్కువగా వాడే 8051 కుటుంబం మీద, అంటే ఏటీ89సీ51, ఏటీ89ఎస్52 మీద ముందుగా చెబుతాను. తర్వాత పిక్, ఏవీఆర్ సంగతి చూద్దాం.

పలుగురాయి చేసే పని

మన ఊళ్ళలో చేల గట్ల మీద తెల్లగా మెరిసే పలుగురాళ్ళు చూసే ఉంటారు. చీకట్లో రెండు పలుగురాళ్ళను రుద్దితే వెలుగు వస్తుందని చిన్నప్పుడు ఆడుకున్నవాళ్ళే మనమంతా. క్వార్ట్జ్ అంటే ఆ పలుగురాయే. మనం వాడే క్రిస్టల్‌లో ఉండేది ఫ్యాక్టరీలో పెంచి పలుచగా కోసిన క్వార్ట్జ్ పలక. క్వార్ట్జ్‌ను నొక్కితే దాని రెండు వైపులా వోల్టేజి పుడుతుందని 1880లో ఫ్రాన్సులో పియరీ క్యూరీ, జాక్ క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారు. వోల్టేజి ఇస్తే ఆ పలక కదులుతుంది కూడా. ఇరవైల దశకంలో అమెరికాలో వాల్టర్ కేడీ, జార్జి పియర్స్ ఈ గుణాన్ని ఆసిలేటర్లకు వాడారు. మన మైక్రోకంట్రోలర్‌లో ఉన్న అమరికను ఇప్పటికీ పియర్స్ ఆసిలేటర్ అనే పిలుస్తారు.

ఇది ఊయల లాంటిది. ఊయలకు దాని సొంత ఊపు ఉంటుంది. సరైన సమయానికి చిన్న తోపు ఇస్తూ ఉంటే ఆగకుండా ఊగుతుంది. తోపు బలం చాలకపోతే నిలిచిపోతుంది. ఇక్కడ ఊయల క్రిస్టల్. తోసే చెయ్యి ఐసీ లోపలి ఇన్వర్టర్ ఆంప్లిఫయర్. ఆ తోపు సరైన సమయానికి అందేటట్టు చూసేవి రెండు కెపాసిటర్లు. ఈ మూడింటిలో ఏది చెడినా ఊపు ఆగుతుంది.

8051లో ఎక్స్‌టాల్2 కాలు 18, ఎక్స్‌టాల్1 కాలు 19. క్రిస్టల్ ఈ రెండింటి మధ్య ఉంటుంది. ఒక్కో కాలు నుంచి గ్రౌండ్‌కు ఒక్కో కెపాసిటర్. గ్రౌండ్ కాలు 20 పక్కనే ఉంది. ఐసీ తయారు చేసినవాళ్ళు ఈ మూడు కాళ్ళను పక్కపక్కన పెట్టింది వైర్లు పొట్టిగా ఉండాలనే.

ముందు ఆసిలేటర్‌ను అనుమానించకండి

నేరం వేరేవాళ్ళది, దెబ్బలు క్రిస్టల్‌కు కాకూడదు. కాబట్టి ఈ నాలుగు ముందు చూడండి.

1. కరెంటు: 40వ కాలు, 20వ కాలు మధ్య మీటర్ పెట్టి కొలవండి. కొలిచేది పవర్ సప్లై దగ్గర కాదు, ఐసీ కాళ్ళ మీదే. 5 వోల్టులు ఉండాలి. 7805 రెగ్యులేటర్‌కు లోపలికి ఇచ్చే వోల్టేజి కనీసం 7 ఉండాలి. లేకపోతే బయటకు 5 రాదు. ఈ రెండు కాళ్ళ దగ్గరగా 104 అని రాసి ఉన్న కెపాసిటర్ ఒకటి తప్పనిసరి.

2. రీసెట్: 9వ కాలు కొలవండి. కరెంటు ఇచ్చిన కాసేపటికి అది దాదాపు సున్నాకు దిగాలి. 5 వోల్టులే ఉంటే ఐసీ రీసెట్‌లోనే ఉండిపోయింది. ప్రోగ్రామ్ నడవదు. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ షార్ట్ అయిందేమో, రెసిస్టర్ టంకం ఊడిందేమో చూడండి.

3. ఈఏ కాలు: 31వ కాలు 5 వోల్టులకు కలిపి ఉండాలి. అలా కలపకపోతే ఐసీ తన లోపలి ప్రోగ్రామ్ వదిలేసి బయట లేని మెమరీలో వెతుకుతుంది. క్లాక్ బాగానే ఉన్నా బోర్డు చచ్చినట్టే కనిపిస్తుంది.

4. ఎల్‌ఈడీ: 8051 పోర్టు కాలు కరెంటును బయటకు చాలా తక్కువగా ఇస్తుంది, లోపలికి బాగా లాక్కుంటుంది. అందుకే ఎల్‌ఈడీని 5 వోల్టుల నుంచి 330 ఓమ్ రెసిస్టర్ ద్వారా పోర్టు కాలుకు కలపాలి. తిరగేసి పోర్టుకూ గ్రౌండ్‌కూ మధ్య పెడితే ప్రోగ్రామ్ నడుస్తున్నా సరిగ్గా వెలగదు. పాపం, క్రిస్టల్‌కు చెడ్డపేరు వస్తుంది.

అసలు పరీక్ష: 30వ కాలు

ఇది గుర్తుంచుకుంటే సగం పని అయిపోయినట్టే. 8051లో 30వ కాలు పేరు ఏఎల్‌ఈ. క్రిస్టల్ ఫ్రీక్వెన్సీలో ఆరో వంతు వేగంతో ఇక్కడ పల్స్‌లు వస్తూ ఉంటాయి. 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ అయితే 2 మెగాహెర్ట్జ్, 11.0592 అయితే 1.8432 మెగాహెర్ట్జ్. మనం రాసిన ప్రోగ్రామ్ తప్పయినా ఈ పల్స్‌లు వస్తాయి. ఐసీ ఊపిరి తీస్తోందా లేదా అని చెప్పే కాలు ఇదే.

ఈ పల్స్ మూడింట ఒక వంతు సమయం పైన, రెండు వంతుల సమయం కింద ఉంటుంది. మల్టీమీటర్ డీసీ రేంజిలో పెడితే సగటు చూపిస్తుంది. 5 వోల్టుల్లో మూడో వంతు, అంటే సుమారు 1.7 వోల్టులు. మీటర్‌ను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. మీరు చూడవలసింది ఇంతే:

• 1.5 నుంచి 2 వోల్టుల దాకా ఉంటే క్లాక్ నడుస్తోంది. తప్పు ప్రోగ్రామ్‌లోనో, ఈఏ కాలులోనో, బయటి వైరింగ్‌లోనో ఉంది.

• కదలకుండా 5 వోల్టుల దగ్గర ఉంటే ముందు 9వ కాలు మళ్ళీ చూడండి. రీసెట్‌లో ఉన్నప్పుడు ఏఎల్‌ఈ పైనే ఉండిపోతుంది. రీసెట్ సరిగానే ఉంటే ఆసిలేటర్ ఆగినట్టు.

• సున్నా దగ్గరే ఉంటే ఆసిలేటర్ ఆగిందనో, ఆ కాలు గ్రౌండ్‌కు షార్ట్ అయిందనో అర్థం.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు: నేరుగా 18, 19 కాళ్ళ మీదే కొలవవచ్చు కదా? కొలవవచ్చు, కానీ జాగ్రత్త. అక్కడున్న కెపాసిటర్లే 30 పికోఫారడ్‌లు. మీటర్ వైర్లు కూడా ఒక కెపాసిటర్ లాగే పనిచేస్తాయి. సీఆర్‌ఓ ప్రోబ్ 1ఎక్స్ స్థానంలో ఉంటే దాదాపు 100 పికోఫారడ్‌ల భారం వేస్తుంది. ఊగుతున్న ఊయల మీద ఇంకొకరు ఎక్కి కూర్చున్నట్టు! నడుస్తున్న ఆసిలేటర్ మనం కొలవబోయేసరికి ఆగిపోతుంది. “ఆగిపోయింది” అని మనం రాసుకుంటాం. సీఆర్‌ఓ అయితే 10ఎక్స్ ప్రోబ్ వాడి, 18వ కాలు మీద చూడండి. అది ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ కాబట్టి కొంత భారం తట్టుకుంటుంది. మీటర్ అయితే ప్రోబ్ మొనకు 100 కిలోఓమ్ రెసిస్టర్ కలిపి, దాని రెండో కొసతో కాలును తాకండి. రీడింగ్ కాస్త తగ్గుతుందిగానీ భారం పడదు. రెండు కాళ్ళ మీదా సుమారు 2 వోల్టులు కనిపిస్తే నడుస్తూ ఉండవచ్చు. ఒకటి 5, ఒకటి సున్నా అయితే ఆగినట్టే. ఏమైనా ఆఖరి మాట 30వ కాలుదే.

తాకగానే ఆగిపోయినా, వేలు పెట్టగానే నడవడం మొదలుపెట్టినా సంతోషించకండి. ఆ ఆసిలేటర్ అంచున నిలబడి ఉందని అర్థం. ఈరోజు రూములో నడిచి, రేపు వైవాలో ఆగేది అదే.

ఆగితే ఎక్కడ వెతకాలి?

*కెపాసిటర్ విలువ:* ఏటీ89 ఐసీలకు క్రిస్టల్ వాడితే 30 పికోఫారడ్, పది అటూ ఇటూ అని డేటాషీట్ చెబుతుంది. 22, 27, 33 ఏదైనా పనిచేస్తుంది. తిప్పలు వచ్చేది కోడ్ చదవడంలో. సిరామిక్ బిళ్ళ మీద 33 లేదా 330 అని ఉంటే 33 పికోఫారడ్. మూడో అంకె ఎన్ని సున్నాలో చెబుతుంది. 331 అంటే 330 పికోఫారడ్. 333 అంటే 33,000 పికోఫారడ్, అంటే వెయ్యి రెట్లు ఎక్కువ! అలాగే 22కు బదులు 223 పెట్టినా, 104 పెట్టినా ఊయలకు బండరాయి కట్టినట్టే. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా, మీ జిల్లా కేంద్రంలో కొన్నా, కౌంటర్ దగ్గరే బిళ్ళ మీది అంకెలు చదివి తీసుకోండి.

అసలు ఈ 30 ఎక్కడిది? ప్రతి క్రిస్టల్‌కు ఇంత లోడ్ కెపాసిటెన్స్ కావాలని తయారీదారు చెబుతాడు. 20 పికోఫారడ్ అడిగే క్రిస్టల్ తీసుకుందాం. మన రెండు కెపాసిటర్లు క్రిస్టల్‌కు సిరీస్‌లో ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి, రెండు 30లు కలిసి 15 అవుతాయి. ఐసీ కాళ్ళు, బోర్డు రాగి గీతల వల్ల ఇంకో 5 దాకా కలుస్తుంది. మొత్తం 20. లెక్క సరిపోయింది. వైవాలో అడిగితే ఇది చెప్పండి, ఎగ్జామినర్ ముఖం వెలుగుతుంది.

*బ్రెడ్‌బోర్డ్:* పక్కపక్క వరుసల మధ్య కొన్ని పికోఫారడ్‌లు ఊరికే ఉంటాయి. పైగా వదులైన క్లిప్పులు. 11, 12 మెగాహెర్ట్జ్ దాకా సాధారణంగా నడుస్తుంది, 20 దగ్గర మొరాయించవచ్చు. క్రిస్టల్ కాళ్ళు పొట్టిగా కత్తిరించి, ఐసీ పక్క రంధ్రాల్లోనే గుచ్చండి. అడుగు పొడవు జంపర్ వైరుతో క్రిస్టల్‌ను దూరంగా పెట్టకూడదు. కెపాసిటర్ల గ్రౌండ్ నేరుగా 20వ కాలు దగ్గరికే రావాలి.

*టంకం:* మసకగా, ముద్దగా ఉన్న టంకం పైకి అంటుకున్నట్టే కనిపిస్తుంది, లోపల తగలదు. మళ్ళీ కాచండి. కరెంటు తీసేసి 18, 19 కాళ్ళ మధ్య, ఒక్కోదానికీ గ్రౌండ్‌కూ మధ్య షార్ట్ ఉందేమో బజర్‌తో చూడండి. మిగిలిపోయిన ఫ్లక్స్ మీద వానాకాలపు తేమ చేరితే సన్నని లీకేజి ఏర్పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెట్టండి.

*క్రిస్టల్:* లోపలిది పలుచని రాతి పలక. గచ్చు మీద పడితే పైడబ్బాకు గీత కూడా పడకుండా లోపల పగలవచ్చు. మీటర్‌తో ఓమ్‌లు కొలిస్తే మంచి క్రిస్టలూ ఓపెన్‌గానే చూపిస్తుంది, పగిలినదీ అంతే. కాబట్టి దీనికి పరీక్ష ఒక్కటే: నడుస్తున్న బోర్డులో పెట్టి చూడడం.

నడుస్తోంది, కానీ వేగం తప్పు

ఇది ఇంకో రకం జబ్బు. ఎల్‌ఈడీ ఒక సెకను వెలిగి ఒక సెకను ఆరేలా చిన్న ప్రోగ్రామ్ వేసి, గడియారం చూస్తూ పది మిణుకులు లెక్కపెట్టండి. ఎన్ని రెట్లు తేడా వచ్చిందో అదే దొంగను పట్టిస్తుంది.

*మూడు రెట్లు నెమ్మది:* సుమారు 25, 30 మెగాహెర్ట్జ్ దాటిన క్రిస్టళ్ళలో చాలావరకు థర్డ్ ఓవర్‌టోన్ రకం. బొమ్మ కార్ల రిమోట్లలో దొరికే 27 మెగాహెర్ట్జ్‌వి కూడా ఇలాంటివే. మామూలు సర్క్యూట్‌లో పెడితే మీద రాసిన అంకెలో మూడో వంతు దగ్గర, అంటే 9 మెగాహెర్ట్జ్ దగ్గర ఊగుతాయి. పాత బోర్డు నుంచి ఊడదీసిన క్రిస్టళ్ళతో ఇది గుర్తుంచుకోండి.

*ఎనిమిది రెట్లు నెమ్మది:* ఇది ఏవీఆర్ వాడేవారిది. ఏటీమెగా8, ఏటీమెగా16 ఫ్యాక్టరీ నుంచి లోపలి 1 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ మీదే వస్తాయి. మీరు బయట 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టినా, ఫ్యూజ్ బిట్లు మార్చనిదే అది అలంకారమే. కొత్త ఏటీమెగా328పీ కూడా 1 మెగాహెర్ట్జ్ మీదే మొదలవుతుంది. 16 మెగాహెర్ట్జ్‌కు రాసిన ప్రోగ్రామ్ వేస్తే పదహారు రెట్లు నెమ్మదిస్తుంది.

*వేగం కంటికి సరిగానే ఉంది, సీరియల్‌లో మాత్రం పిచ్చి అక్షరాలు:* 11.0592కు బదులు 12 పెట్టారేమో చూడండి. లెక్క ఇదీ. 8051లో క్రిస్టల్‌ను 12తో, మళ్ళీ 32తో భాగిస్తాం. 11.0592 మెగాహెర్ట్జ్ అయితే 28,800 వస్తుంది. దాన్ని టైమర్ 3తో భాగిస్తే సరిగ్గా 9600. అదే 12 మెగాహెర్ట్జ్ అయితే 31,250 వస్తుంది, 3తో భాగిస్తే 10,417. ఎనిమిదిన్నర శాతం తేడా. సీరియల్ అంత తేడా తట్టుకోదు. జీఎస్‌ఎం మోడెమ్ ప్రాజెక్టుల్లో “మోడెమ్ పోయింది” అనుకునే ముందు క్రిస్టల్ డబ్బా మీది అంకె చదవండి. ఈ తప్పుకు 33 పికోఫారడ్ కెపాసిటర్లను మాత్రం నిందించకండి. వాటి విలువ కాస్త మారితే ఫ్రీక్వెన్సీ పది లక్షల్లో కొన్ని పదుల వంతులే జరుగుతుంది, శాతాల్లో కాదు.

పిక్, ఏవీఆర్ మిత్రులకు

పిక్16ఎఫ్877ఏలో కాన్ఫిగరేషన్ బిట్లు చూడండి. ఎక్స్‌టీ మోడ్ 4 మెగాహెర్ట్జ్ దాకానే. 20 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టి ఎక్స్‌టీ ఎంచుకుంటే తోసే చెయ్యికి బలం చాలదు. హెచ్‌ఎస్ ఎంచుకోవాలి. కొన్నిసార్లు ఒక బోర్డులో నడిచి ఇంకో బోర్డులో నడవకపోవడానికి కారణం ఇదే.

ఏవీఆర్‌లో ఫ్యూజ్ రాసేటప్పుడు సున్నా అంటే ప్రోగ్రామ్ అయినట్టు, ఒకటి అంటే కానట్టు. ఇది తిరగబడి అర్థమైతే చిప్పు బయటి క్లాక్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ప్రోగ్రామర్‌కు జవాబు చెప్పదు. “లాక్ అయింది” అని పారేయకండి. పక్కనే 8051 బోర్డు నడుస్తోందా? ఏవీఆర్ క్రిస్టల్ తీసేసి, 8051 బోర్డులోని 30వ కాలు నుంచి ఒక వైరు ఏవీఆర్ ఎక్స్‌టాల్1కు ఇవ్వండి. రెండు బోర్డుల గ్రౌండ్‌లు కలపండి. రెండూ 5 వోల్టుల మీదే ఉండాలి. క్లాక్ అందగానే చిప్పు మాట్లాడుతుంది. ప్రోగ్రామర్ వేగం ఆ క్లాక్‌లో నాలుగో వంతు కంటే తక్కువ పెట్టి, ఫ్యూజులు సరిచేయండి. రీసెట్ కాలును మూసేసే ఫ్యూజ్ మార్చి ఉంటే మాత్రం ఈ చిట్కా పనిచేయదు.

గడియారం ప్రాజెక్టులు

డిజిటల్ క్లాక్, హాజరు యంత్రం లాంటి ప్రాజెక్టుల్లో డీఎస్1307 వాడతారు. దాని క్రిస్టల్ 32.768 కిలోహెర్ట్జ్. 32,768 అంటే 2ను పదిహేను సార్లు గుణించిన సంఖ్య. పదిహేను సార్లు సగం చేస్తే సరిగ్గా సెకనుకు ఒక పల్స్. ఈ ఐసీకి 12.5 పికోఫారడ్ లోడ్ క్రిస్టల్ కావాలి. కెపాసిటర్లు లోపలే ఉన్నాయి. అలవాటు కొద్దీ బయట 33లు పెట్టవద్దు. టైమ్ కదలకపోతే సెకన్ల రిజిస్టర్‌లో పై బిట్ చూడండి. అది 1గా ఉంటే ఆసిలేటర్ ఆగి ఉంటుంది. మొదటిసారి ప్రోగ్రామ్‌లోనే దాన్ని సున్నా చేయాలి. బ్యాటరీ పెట్టకపోతే ఆ కాలును గాలిలో వదలకుండా గ్రౌండ్‌కు కలపాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా గడియారం రోజుకు ఒకటిన్నర, రెండు సెకన్లు తప్పితే కంగారుపడకండి. 20 పీపీఎం క్రిస్టల్ అంటే పది లక్షల సెకన్లకు 20 సెకన్ల తేడా రావచ్చని. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 1.7 సెకన్లు, నెలకు 52 సెకన్ల దాకా తేడా రావచ్చు. అది లోపం కాదు, క్రిస్టల్ గుణం.

రూముకు ఒక డబ్బా

చివరగా ఒక విన్నపం. ప్రతి ఎలక్ట్రానిక్స్ బ్యాచ్ హాస్టల్‌లో ఒక చిన్న డబ్బా పెట్టుకోండి. అందులో నడుస్తుందని రూఢి చేసుకున్న 8051 ఐసీ ఒకటి, 11.0592 క్రిస్టల్ ఒకటి, 33 పికోఫారడ్ కెపాసిటర్లు నాలుగు, 104లు రెండు, 100 కిలోఓమ్, 330 ఓమ్ రెసిస్టర్లు, ఒక ఎల్‌ఈడీ ఉండాలి. ఐసీలో ఎల్‌ఈడీ మిణికించే ప్రోగ్రామ్ వేసి ఉంచండి. అనుమానం వచ్చిన బోర్డులో ఈ ఐసీ పెట్టండి. వెలిగితే బోర్డు మంచిది, మీ ఐసీనో ప్రోగ్రామో చూసుకోవాలి. వెలగకపోతే ఐసీ మంచిదే, బోర్డు సంగతి చూడాలి. ఒకసారి ఒకే భాగం మార్చండి. రెండు కలిపి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. మార్చిన ప్రతిదీ, కొలిచిన ప్రతి వోల్టేజీ నోట్‌బుక్కులో రాయండి. ప్రాజెక్టు రిపోర్టులో ఆ పేజీలే మీ సొంత మాటలు అవుతాయి.

ఈ డబ్బా ఖర్చు నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికీ ఎక్కువేమీ కాదు. ఫైనల్ ఇయర్ వాళ్ళు వెళ్ళేటప్పుడు దాన్ని ఇంటికి తీసుకుపోకుండా జూనియర్లకు ఇచ్చి వెళ్ళండి. మన హాస్టల్‌లో పాత పుస్తకాలు అలా చేతులు మారుతూ వచ్చినవే కదా! పుస్తకంతో పాటు ఆ డబ్బా కూడా చేతులు మారితే, వచ్చే ఏడాది ఏ తమ్ముడో, ఏ చెల్లెలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనకుండా తన బోర్డుతోనే వైవాకు వెళతారు.